తుపానుల చరిత్ర – 9: రెండు వేల మంది లాగిన ఓడ

గత సంచికలో 1780 అక్టోబరు నాటి కరీబియన్ మహా తుపాను గురించి చెప్పుకున్నాం. బార్బడోస్, మార్టినిక్, సెయింట్ యూస్టేషస్ దీవుల్లో ఇరవై వేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న గాలి అది. ఆ దీవుల్లో గవర్నర్లు ఉండేవారు, యుద్ధనౌకలు ఉండేవి, నష్టాన్ని లెక్కగట్టి పైకి రాసే గుమాస్తాలు ఉండేవారు. ఈసారి అవేవీ లేని చోటికి వెళదాం. దక్షిణ పసిఫిక్‌లో రారోటొంగా అనే చిన్న దీవి, కాలం 1831 డిసెంబరు. సాయం పంపే సర్కారు లేదు. బయటి ఓడ ఒకటి కనబడాలంటే నెలలు పట్టేది. అలాంటి చోట తుపాను వెలిశాక జనం మళ్లీ ఎలా నిలదొక్కుకున్నారు? వాళ్ల మధ్య ఉన్న ఒక మిషనరీ కుటుంబం అందులో ఏం చేసింది, ఏం పోగొట్టుకుంది?

ముందు ఆ నేల తీరు తెలియాలి. రారోటొంగా చుట్టుకొలత 32 కిలోమీటర్లు. నడుమ పచ్చటి కొండలు; వాటిలో ఎత్తయిన తె మాంగా శిఖరం 650 మీటర్లు దాటుతుంది. దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా నిలబడి ఉంటుంది. గోడకు ఇవతల లోతు తక్కువ నీళ్లు, ఆ తర్వాత సన్నటి ఇసుక మెరక, దాని వెనుక చామదుంపలు పండే చిత్తడి నేల, ఆపైన కొండవాలు. సముద్రం నుంచి లోపలికి నడిచేవాడు ముందు మెరక ఎక్కి, తర్వాత బురదలోకి దిగి, ఆ తర్వాతే కొండ మొదలు చేరతాడు. ఈ వరస గుర్తుంచుకోండి. తుపాను రాత్రి అంతా దీని మీదే ఆధారపడింది.

మన తీరంతో ఒక తేడా కూడా చెప్పాలి. బందరు, దివిసీమల దగ్గర సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువ. అందుకే తుపాను తోసిన నీరు పోయే దారి లేక పేరుకుని, ఉప్పెనై ఊళ్ల మీద పడుతుంది. రారోటొంగా అగాధంలోంచి పైకి లేచిన అగ్నిపర్వతపు దీవి. అక్కడ నీరు అలా మేటవేయదు. కానీ పెద్ద అలలు పగడపు గోడ మీద విరిగి, ఒకదాని వెనుక ఒకటి లోపలి నీళ్లలో పడుతుంటే, బయటకు పోయే సందు చాలక మట్టం లేస్తుంది. లేచిన నీరు ఇసుక మెరకను దాటి చామ మడుల్లోకి దూకుతుంది. అక్కడ తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. భూమధ్యరేఖకు దక్షిణాన కాబట్టి గాలి గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది.

ఈ దీవికి 1823లో జాన్ విలియమ్స్ వచ్చాడు. 1796లో పుట్టాడు. లండన్‌లో ఒక ఇనుప సామాను వ్యాపారి దగ్గర పని నేర్చుకుంటూనే కమ్మరి పని కూడా చేతపట్టాడు. ఇరవై ఏళ్లకే, 1816లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున పసిఫిక్‌కు బయలుదేరాడు. అంతకు కొద్దివారాల ముందే మేరీ చానర్‌తో పెళ్లయింది. ఈ సొసైటీ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్‌లను విశాఖపట్నం పంపింది ఇదే. కడప, గుత్తి, జమ్మలమడుగు వైపు నేటికీ పెద్దవాళ్లు లండన్ మిషన్ అనేది దీన్నే. విశాఖలో అప్పటికే కుంఫిణీ కొలువు ఉంది. పసిఫిక్ దీవుల్లో అలాంటి ఇంగ్లిష్ కొలువు లేదు. దీవి పెద్దలు ఉండమంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి.

నిజానికి రారోటొంగాలో నిలబడ్డ మొదటి మిషనరీ తెల్లవాడు కాదు. తాహితీ దీవుల నుంచి వచ్చిన పాపెయిహా. 1823లో ఆయనతో పాటు ఒడ్డున దిగిన తోటి ఉపదేశకుల భార్యల మీద మొదటి రాత్రే దౌర్జన్యం జరగబోతే, తక్కినవాళ్లు ఓడకు తిరిగి వచ్చేశారు. పాపెయిహా మాత్రం ఒంటరిగా ఉండిపోతానన్నాడు, ఉన్నాడు. తర్వాత పడమటి వైపు అరోరంగి పెద్ద తినోమానా కూతురు తె వైరువాను పెళ్లాడాడు. చనిపోయేదాకా, అంటే 1867 దాకా, ఆ దీవి వాడిగానే బతికాడు. రారోటొంగా మిషనరీ కుటుంబాల గురించి మాట్లాడేటప్పుడు మొదట చెప్పాల్సిన కుటుంబం ఇదేనని నా అభిప్రాయం. ఇంగ్లిష్ పుస్తకాల్లో వీళ్లకు దక్కిన చోటు చాలా తక్కువ.

1827లో చార్లెస్ పిట్మన్ దంపతులతో కలిసి విలియమ్స్, మేరీ మళ్లీ వచ్చారు. దింపిన ఓడ వెళ్లిపోయింది. ఇంకో ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు విలియమ్స్ సొంతంగా ఓడ కట్టాలని తలపెట్టాడు. ఈ ఓడ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే నాలుగేళ్ల తర్వాత తుపాను కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

దీవిలో ఇనుము లేదు, రంపం లేదు, కొలిమి లేదు. ఉన్న నాలుగు మేకల్లో పాలిచ్చే దాన్ని వదిలి మూడింటిని కోసి, ఆ తోళ్లతో కొలిమి తిత్తి కుట్టారు. ఎలుకలు ఒక్క రాత్రిలో దాన్ని కొరికి పారేశాయి. దాంతో తోలు అక్కర్లేని ఉపాయం ఆలోచించారు. చెక్కపెట్టెల్లో ముషలకం పైకీ కిందికీ ఆడించి గాలి పుట్టించారు. దాగలికి బదులు ఒక బండరాయి, పట్టుకారుకు బదులు వడ్రంగి శ్రావణం. చెట్లను ఆప్పులు దిగ్గొట్టి నిలువునా చీల్చి, చిన్న గొడ్డళ్లతో చెక్కి పలకలు చేశారు. ఓడ పక్కటెముకలకు వంపు కలప కావాలి. వెదురు బద్దను కావలసినట్టు వంచి మనుషుల చేతికిస్తే, వాళ్లు అడవిలో వెతికి సరిగ్గా ఆ వంపున్న చెట్టునే కొట్టి తెచ్చేవారు. ఇనుప మేకులు లేవు గనుక చెక్క చీలలతో బిగించారు. సందుల్లో కొబ్బరి పీచు కూరారు. మందార జాతి చెట్టు బెరడు నారతో మోకులు పేనారు. పడుకునే చాపలతో తెరచాపలు కుట్టారు. గిరకలు సరుగుడు కర్రతో చెక్కారు. మన కోస్తాలో గాలికి అడ్డుగా వేసే సరుగుడే ఇది, అక్కడ ఇనుమంత గట్టిదని పేరు. చుక్కానికి కావలసిన ఇనుప కీళ్లు ఒక పికాసు ముక్క, ఒక బాడిస, ఒక పార కాల్చి సాగగొట్టినవి. దాదాపు పదిహేను వారాల్లో అరవై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు, డెబ్బై ఎనభై టన్నుల ఓడ నీళ్ల మీద నిలిచింది. దానికి మెసెంజర్ ఆఫ్ పీస్ అని, అంటే శాంతి దూత అని, పేరు పెట్టారు.

ఈ కథను విలియమ్స్ తన 1837 నాటి పుస్తకంలో చెప్పాడు. ఇంగ్లండ్‌లో ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. చదివినవాళ్లు ఆయన తెలివికి అబ్బురపడ్డారు. తెలివి ఉంది, కాదనలేం. అయితే నార ఏ చెట్టుదో, పీచు ఎంత నానాలో, చాప ఎంత గాలికి ఓర్చుకుంటుందో, ఏ కర్ర నీళ్లలో కుళ్లదో ఆయనకు ముందే తెలిసే వీలు లేదు. శతాబ్దాలుగా పడవల మీద మహాసముద్రం దాటిన జాతి జ్ఞానం అది. ఓడ రూపం ఇంగ్లిష్‌ది, ఒళ్లంతా రారోటొంగాది.

అదే కాలంలో ఆ దీవిలో ఇంకో మార్పు జరిగింది. ఓడ కట్టడం లాంటి ఉత్సాహం దీనిలో లేదు కాబట్టి పుస్తకాల్లో అంతగా కనబడదు. అంతకు ముందు రారోటొంగా జనం ఒడ్డున ఉండేవారు కాదు. దీవి చుట్టూ, కొండ మొదట్లో, అరా మెటువా అనే రాతి బాట ఒకటుంది. దాదాపు వెయ్యేళ్ల నాటిది. ఊళ్లూ, దేవతా స్థానాలూ ఆ బాట వెంట ఉండేవి. చామ మడులు వాటికీ సముద్రానికీ మధ్య. కొత్త మతం వచ్చాక ప్రార్థనాలయం చుట్టూ, బడి చుట్టూ జనాన్ని ఒకచోట చేర్చారు. ఆ కొత్త ఊళ్లు తీరం మీద లేచాయి. ఉత్తరాన మకియా పెద్దరికంలో అవారువా, తూర్పున నతాంగియా, పడమట అరోరంగి. పగడాన్ని కాల్చి సున్నం తీయడం మిషనరీలు నేర్పారు. తెల్లగా సున్నం కొట్టిన ఇళ్లు బారులు తీరి, ఓడల మీద వచ్చేవాళ్ల కళ్లకు ఎంతో ముచ్చటగా కనబడేవి. 150 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పున్న ఒక ప్రార్థనాలయాన్ని 1827లో ఒక్క ఇనుప మేకు లేకుండా రెండు నెలల లోపే కట్టారు.

కొండ మొదటి నుంచి ఇసుక మెరక మీదకు రావడంతో ఊళ్లు అలలకు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఆ మార్పు చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ 1831 డిసెంబరు నష్టంలో ఒక వాటా ఆ నిర్ణయానిదేనని ఒప్పుకోకుండా ఈ చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

తుపానుకు ముందే ఇంకో దెబ్బ తగిలింది. 1830లో విలియమ్స్ సమోవా వెళుతూ రారోటొంగాలో ఆగినప్పుడు, అక్కడ ఒక విషజ్వరం ఇల్లిల్లూ పట్టి పీడిస్తోంది. బయటి ఓడలు మోసుకొచ్చే రోగాలకు ఆ దీవుల జనం ఒంట్లో ఏ రక్షణా లేదు. ఆరేడు వేలు ఉంటుందని విలియమ్స్ అంచనా వేసిన జనాభా తర్వాతి దశాబ్దాల్లో సగానికి పైగా పడిపోయింది. అంటే తుపాను వచ్చేనాటికి ఎన్నో ఇళ్లలో అప్పటికే పెద్ద దిక్కు లేదు.

1831లో విలియమ్స్ కుటుంబంతో సహా రారోటొంగా వచ్చాడు. మేరీ గర్భవతి. ఓడకు మరమ్మతులు చేసి, ఇంకాస్త పెద్దది చేసి, రెండోసారి సమోవా వెళ్లాలన్నది ఆయన ఆలోచన. అందుకని దాన్ని అవారువా ఒడ్డుకు లాగి పెట్టారు. అక్కడ ఆరన్ బుజకాట్, ఆయన భార్య సారా 1828 నుంచి కాపురం ఉంటున్నారు. బుజకాట్ కూడా కమ్మరి పనిలో నేర్పరే. నతాంగియాలో పిట్మన్ దంపతులు. రెండు ఊళ్ల మధ్య ఉన్నది నడక దారి.

డిసెంబరులో సముద్రం పొంగడం మొదలైంది. ఓడకు దెబ్బ తగులుతోందని అవారువా నుంచి విలియమ్స్‌కు కబురు వచ్చింది. మర్నాటికి గాలి ముదిరింది. వాన ఏటవాలుగా కొట్టింది. కప్పులు లేచిపోయాయి, సున్నపు గోడలు కూలాయి. ప్రార్థనాలయాలు, బడులు నేలమట్టమయ్యాయి. సీమపనస చెట్లు వేళ్లతో సహా పడ్డాయి. అరటి తోటలు కోసి పరిచినట్టు ఒరిగాయి. అలలు పగడపు గోడ మీద విరిగిన ప్రతిసారీ దీవి మొత్తం కంపించిందని విలియమ్స్ రాశాడు. నీరు ఇసుక మెరక దాటింది. బుజకాట్ దంపతులు పసిపిల్లలను పట్టుకుని నీళ్లలో నడిచి, పడుతున్న చెట్ల మధ్య తలదాచుకునే చోటు వెతుక్కున్నారు. విలియమ్స్ కుటుంబం ఉన్న ఇల్లూ కూలింది. మేరీ మంచం దిగిన కొద్ది నిమిషాలకే ఇంటి గోడ సరిగ్గా ఆ మంచం మీదే పడింది.

మేరీ ప్రాణం దక్కింది, కడుపులోని బిడ్డ దక్కలేదు. తుపాను తర్వాత కొన్నాళ్లకే పుట్టిన మగబిడ్డ ఊపిరి తీయలేదు. ఆ దంపతులు పసిఫిక్ దీవుల మట్టిలో పాతిపెట్టిన ఏడో పసికందు అది. ఇంట్లో ఉన్న అయిదేళ్ల కొడుకు ఆ గుంట దగ్గర నిలబడి, తమ్ముణ్ణి మట్టిలో పెట్టొద్దని తల్లిదండ్రులను పట్టుకుని ఏడ్చాడట. ఆ పుస్తకంలో విలియమ్స్ ఎన్నో విజయాలు ఉత్సాహంగా చెప్పుకున్నాడు. ఈ సంగతి దగ్గర మాత్రం ఒక మామూలు తండ్రిలా రాశాడు. మేరీ తన గురించి తాను పుస్తకం రాయలేదు. ఏడు సమాధుల తల్లి మనసు మనకు భర్త రాసిన వాక్యాల గుండానే కొంత తెలుస్తుంది. అలాంటి మనిషి, తుపాను తర్వాతి నెలల్లో, ఇల్లు లేని చోట, తన ఒళ్లు కోలుకోకుండానే అక్కడ ఉండిపోయింది. సహాయం అనే మాటకు మనం ఇచ్చే అర్థాల్లో ఈ ఉండిపోవడం కూడా ఒకటి కావాలి.

ఇక తిండి సంగతి. తుపాను పోయిన మొదటి వారంలో ఆకలి ఉండదు. రాలిన కాయలు, పడిన అరటి గెలలు ఉంటాయి. అవి కుళ్లడం మొదలయ్యాక అసలు కష్టం వస్తుంది. అరటి పిలక నాటితే గెల వేయడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. సీమపనస మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. చిలగడదుంప ఒక్కటే నాలుగైదు నెలల్లో చేతికొస్తుంది. చామదుంప నేలలో ఉంటుంది గనుక గాలి దాన్ని ఏమీ చేయలేదు. కానీ ఉప్పునీరు మడిలో నిలిచిందంటే దుంప కుళ్లుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మడులకు ఆ గండం ఉంది, కొండ వైపు మడులకు తక్కువ. పసిఫిక్ జనానికి ఈ లెక్కలు ఎవరూ నేర్పనక్కర్లేదు. సీమపనస కాయలను ఆకులు పరిచిన గోతుల్లో పులియబెట్టి నెలల తరబడి దాచుకోవడం, కరువు వేళ కొండ మీది అడవి దుంపలు తవ్వుకోవడం, పగడపు నీళ్లలో చేపలు, నత్తలు ఏరుకోవడం వాళ్లకు తాతల నాటి విద్య. పోలినీషియా దీవుల్లో తుపానుకూ తుపానుకూ మధ్య బతుకు సాగింది ఈ విద్య మీదే. అయినా దీవి అంతటికీ ఒకేసారి తోటలు పోతే ఆ నిల్వలు ఎన్నాళ్లొస్తాయి? బయటి నుంచి సామాను తేవాలి. తేవాలంటే ఓడ కావాలి. ఓడేమో సముద్రంలో లేదు.

గాలి తగ్గాక ఓడ కోసం వెళ్లినవాళ్లకు ఒడ్డున అది కనబడలేదు. అలలు దాన్ని ఎత్తుకుపోయి, ఇసుక మెరక మీదుగా దాటించి, ఒడ్డుకు కొన్ని వందల గజాల లోపల పెద్ద చెట్ల తోపులో పడేశాయి. మొదట్లో చెప్పిన ఆ చిత్తడి నేల ఇదే. తోపు అడ్డుపడకపోతే ఇంకా లోపలికి పోయేది. ముక్కలు కాకుండా నిలవడమే ఆశ్చర్యం. చెక్క చీలలతో, కొబ్బరి పీచుతో బిగించిన ఒళ్లు ఆ దెబ్బలన్నిటినీ ఓర్చుకుంది. కానీ అది కూరుకున్నది ఒక బురద గుంటలో. క్రేన్లు లేవు, ఎద్దులు లేవు, గుర్రాలు లేవు.

అప్పుడు జరిగిన పని చూడండి. పొడవాటి దుంగలను మీటలుగా ఓడ అడుగుకు దూర్చారు. ఆనిక ఎక్కడ పెట్టాలో చూసుకుని, మీటల బయటి కొసలు నలభై అయిదు డిగ్రీల ఎత్తున లేచి ఉండేలా అమర్చారు. ఆ కొసలన్నిటినీ అడ్డదూలాలతో కలిపి కట్టి, దూలాల మీద రాళ్లు పేర్చుకుంటూ పోయారు. రాళ్ల బరువుకు మీటలు మెల్లగా నేల తాకేదాకా దిగాయి, ఓడ ముక్కు పైకి లేచింది. లేచిన చోట దన్ను పెట్టి, మీటలను వెనుక కొసకు మార్చారు. అటు లేపాక మళ్లీ ఇటు. మూడు నాలుగు సార్లు ఇలా చేసేసరికి ఒక్క రోజులో ఓడ మొత్తం గుంటలోంచి బయటపడింది. బురదను రాళ్లతో పూడ్చారు, పైన దుంగలు పరిచారు, ఓడ కింద దొర్లే మొద్దులు పెట్టారు. లంగరు గొలుసును ఓడ చుట్టూ తిప్పి కట్టి, దాదాపు రెండు వేల మంది పట్టుకుని లాగారు. నీళ్ల మీద నడవాల్సిన ఓడ నేల మీద నడిచి మళ్లీ సముద్రం చేరింది.

రెండు వేల మంది. దీవిలో ఉన్నవాళ్లలో ఇంచుమించు మూడో వంతు. వాళ్ల ఇళ్లు కూలాయి, తోటలు పోయాయి, రేపటి తిండికి ఠికాణా లేదు. విలియమ్స్ మీటల కోణం ఎంతో కూడా రాసి పెట్టాడు. లాగినవాళ్ల పేర్లు ఆ పుస్తకంలో లేవు. అంతమందిని ఒకచోట చేర్చి, ఒకే లయలో పని చేయించడం మిషనరీ మాటతో అయ్యే పని కాదు. మకియా పోరి లాంటి అరికి, అంటే వంశపారంపర్య పెద్ద, పిలిస్తేనే వచ్చే జనం అది. పడవలు లాగడం, పెద్ద రాళ్లు కదిలించడం, పాటకు అడుగు కలపడం ఆ సమాజానికి ముందు నుంచీ తెలిసిన పనులు. ఇనుప సామాను కొట్లో పని నేర్చిన కుర్రవాడి యంత్ర జ్ఞానమూ, మకియా అధికారమూ, రెండు వేల మంది భుజబలమూ కలిస్తే ఆ ఓడ కదిలింది. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా అది ఆ తోపులోనే చివికిపోయేది.

ఓడకు మరమ్మతులు పూర్తయ్యాక, 1832లో విలియమ్స్ దాన్ని తాహితీ తీసుకువెళ్లి, సరుకులు ఎక్కించుకుని వీలైనంత త్వరగా వెనక్కి వచ్చాడు. సరుకులతో పాటు ఆవులు, గాడిదలు, గుర్రాలు కూడా తెచ్చాడు. రారోటొంగా జనానికి అప్పటిదాకా తెలిసిన పెద్ద జంతువు పందే. మనిషిని మోసుకుతిరిగే ఆ పెద్ద పందిని చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చాయట. ఎనభై టన్నుల ఓడ ఎంత నిండా వచ్చినా వేలమందిని నెలల తరబడి పోషించలేదు. ఆ కరువును దాటించింది ప్రధానంగా జనం తవ్వుకున్న దుంపలూ, మళ్లీ నాటుకున్న తోటలూనే అయి ఉండాలి. అయినా ఓడ రాకపోకలు మొదలవడం చిన్న విషయం కాదు. తమ కష్టం బయటి ప్రపంచానికి తెలిసింది, అక్కడి నుంచి ఏదో ఒకటి వస్తోంది అన్న నమ్మకం పడిపోయిన చోట ఎంత బలమిస్తుందో, 1977 నవంబరు 19 తర్వాత దివిసీమలో బతికి బయటపడ్డవాళ్లను అడిగితే చెబుతారు.

ఇళ్లు మళ్లీ లేచాయి, బడులు మళ్లీ తెరిచారు. తుపానుకు పది నెలలైనా నిండకుండానే, 1832 అక్టోబరు 11న, శాంతి దూత సమోవాకు బయలుదేరింది. ఈసారి మకియా కూడా ఓడెక్కాడు. తన జనం కట్టి, తన జనం బురదలోంచి లాగిన ఓడ మీద ఆయనను విలియమ్స్ సమోవా పెద్దల ముందుకు వెంటబెట్టుకుని వెళ్లాడు. తెయావా అనే రారోటొంగా ఉపదేశకుడు సమోవాలోని మనోనో దీవిలో దిగిపోయాడు. తొమ్మిదేళ్ల క్రితం ఉపదేశకులు వచ్చి దిగిన దీవి, తుపాను దెబ్బ నుంచి ఇంకా పూర్తిగా తేరుకోకముందే, పొరుగు దీవులకు తన ఉపదేశకులను పంపసాగింది.

విలియమ్స్ 1839 నవంబరు 20న ఎరొమాంగా దీవి ఒడ్డున హతుడయ్యాడు. గంధపు చెక్క కోసం అంతకు ముందు వచ్చిన తెల్లవర్తకుల దౌర్జన్యాలకు ఆ దీవివాసుల్లో రగులుతున్న కోపానికి బలయ్యాడని చరిత్రకారులు చెబుతారు. పిట్మన్, బుజకాట్ కుటుంబాలు రారోటొంగాలో దశాబ్దాల పాటు ఉండిపోయాయి. రారోటొంగా భాషలో బైబిలు అనువాదం మొత్తం 1851 నాటికి అచ్చులోకి వచ్చింది. ఉపదేశకులకు చదువు చెప్పే తకమోవా కళాశాల 1839లో మొదలై ఇంకా నడుస్తోంది.

ఊళ్లు మాత్రం తిరిగి కొండ మొదటికి పోలేదు. 1831లో కూలిన చోటనే, సముద్రం ఒడ్డునే, మళ్లీ కట్టుకున్నారు. ప్రార్థనాలయం అక్కడే, బడి అక్కడే, తర్వాత అంగళ్లూ రేవూ అక్కడే వచ్చాయి. 1987 జనవరిలో శాలీ తుపాను అవారువా నడిబొడ్డును ఛిన్నాభిన్నం చేసింది. 2005 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీనా, నాన్సీ, ఓలాఫ్, పెర్సీ, రే అనే అయిదు తుపానులు వరసగా కుక్ దీవుల మీదకు వచ్చాయి. అరా మెటువా బాట ఇప్పటికీ ఉంది. గాలి హెచ్చరిక వచ్చినప్పుడు జనం కదిలేది తీరం విడిచి ఎత్తుకు, తాతలు కాపురమున్న ఆ వైపుకే.

వచ్చే సంచికలో మన తీరానికి వద్దాం. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెన దాదాపు ముప్పై వేల మందిని బలి తీసుకుంది. ఆ ఊళ్లో రాబర్ట్ నోబుల్ బడి ఉంది, షార్కీ దంపతుల బాలికల వసతి పాఠశాల ఉంది, డచ్చివాళ్ల నాటి కోట ఉంది. ఆ మూడింటి కథా చూద్దాం.